నూడుల్స్ తలకు ఎన్ని గ్రాములు? ప్యాకెట్ లెక్క మా ఇంటికి కుదరడం లేదు

హనుమకొండ వంటిల్లు:
అందరికీ నమస్కారం. ఇంట్లో ఐదుగురం. మేమిద్దరం, మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. ఆదివారం సాయంత్రం నూడుల్స్ ఉండాల్సిందేనని పిల్లల పట్టు. హక్కా నూడుల్స్ ప్యాకెట్ మీద ఇంతమందికి అని రాసి ఉంటుంది కదా, ఆ మాట మా ఇంట్లో ఒక్కనాడూ నిజం కాలేదు. కూరగాయలు దండిగా పడితే గిన్నెడు మిగులుతుంది, తగ్గితే పెద్దవాడు పళ్లెం పట్టుకుని మళ్లీ వస్తాడు. బియ్యానికైతే చెయ్యే కొలత. ఎండు నూడుల్స్ చూస్తే అవి ఉడికాక ఎంతవుతాయో ఊహకు అందదు. తలకు ఇన్ని గ్రాములని మీరు పెట్టుకున్న లెక్క ఏదైనా ఉందా? ఇంకో ప్రశ్న. పలకలుగా వచ్చేవాటిని పొడి కాకుండా సగానికి విరవడం ఎలా? ఇంట్లో తూకం లేదు. అవసరమంటే కొంటాను.

లెక్కల మాస్టారు:
ప్యాకెట్ మీద ‘సర్వింగ్’ పేరుతో ఉండే బరువు కంపెనీ తనకు తోచినట్లు పెట్టుకునేది. మీ పెద్దవాడి ఆకలితో దానికి సంబంధం లేదు. నికర బరువు ఒక్కటే చూడండి, మిగతాది వదిలేయండి.

గోధుమ నూడుల్స్ ఉడికాక రెండింతల నుంచి రెండున్నర ఇంతల బరువుకు వస్తాయి. అంటే 75 గ్రాములు వేస్తే పళ్లెంలోకి 150 నుంచి 190 గ్రాముల దాకా వస్తాయి. దాని మీద క్యాబేజీ, క్యారెట్, గుడ్డు చేరితే పెద్దవాళ్లకు రాత్రి భోజనం అయిపోయినట్లే. నేను పాటించే లెక్క ఇది: అదొక్కటే భోజనమైతే పెద్దలకు 75 నుంచి 80 గ్రాములు, పదేళ్లలోపు పిల్లలకు 40 నుంచి 50, పక్కన అన్నమో చపాతీయో ఉంటే ఎవరికైనా 50. మీ అత్తగారు రాత్రిపూట తక్కువ తినేవారైతే మీ ఐదుగురికీ కలిపి 300 గ్రాములు దాటనవసరం లేదు.

కూరగాయల సంగతి కూడా ఇందులోనే ఉంది. ఎండు నూడుల్స్ ఎంత బరువో తరిగిన కూరగాయలు అంతే ఉంటే పై లెక్క సరిపోతుంది. రెట్టింపు వేసే అలవాటుంటే నూడుల్స్ పెద్దలకు 60కి దించండి. మీకు మిగులుతున్నది బహుశా అందుకే.

తూకం కొనేముందు ఒక పని చేయవచ్చు. కిరాణా దుకాణంలో ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది. ప్యాకెట్ కొన్నప్పుడే ఒక మనిషికి సరిపడా తూచి ఇవ్వమనండి. ఆ పలక ఎంత పరిమాణంలో ఉందో కన్ను ఒకసారి గుర్తుపెట్టుకుంటే చాలు, తర్వాత ఆ రకానికి తూకంతో పని ఉండదు. రకం మారిస్తే మాత్రం మళ్లీ తూచాలి.

కాజీపేట జంక్షన్:
మాస్టారూ, తినే తిండిని గ్రాముల్లో తూచడం నాకు మింగుడు పడదు. మా అమ్మ ఇరవై మందికి చేసినా తూకం ముట్టుకోలేదు. మిగిలితే పొద్దున వేడి చేసుకుని తింటాం. అంతే కదా.

లెక్కల మాస్టారు:
మీ అమ్మగారు ఇరవై మందికి వండింది అన్నం. ఏళ్ల తరబడి రోజుకు రెండు పూటలా చేసిన పనికి తూకం అక్కర్లేదు. నెలకు ఒకటి రెండుసార్లు చేసేదానికి ఆ చేతివాటం ఎక్కడినుంచి వస్తుంది? ఇక పొద్దున తినడం గురించి వేరే చెప్పాలి, తర్వాత చెబుతాను.

హాస్టల్ కుర్రాడు:
నేను వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా గదిలో ఉన్నది ఒక్క విద్యుత్ కెటిల్. ఇన్‌స్టంట్ నూడుల్స్ చిన్న ప్యాకెట్ 70 గ్రాములు ఉంటుంది. ఆకలి మీద అది చాలదు, రెండు వేస్తే ఎక్కువ. ఒకటిన్నర అంటే మిగిలిన సగం మెత్తబడుతుంది. ఏం చేయాలి?

గోదావరిఖని షిఫ్ట్:
తమ్ముడూ, ఒక ప్యాకెట్‌కు రెండు గుడ్లు కలుపు. ఇంకో సగం ప్యాకెట్ అవసరమే రాదు. గుడ్లు మాత్రం కెటిల్‌లో కాకుండా మెస్‌లో ఉడకబెట్టించుకో. రెండో మసాలా పొట్లం విప్పకు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్యాకెట్ వెనక సోడియం ఎంతో చూసి రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఒకసారి లెక్క వేసి చూడు, రెండో పొట్లం వైపు చెయ్యి పోదు.

జగిత్యాల పసుపు:
సగం మిగిలితే మెత్తబడటం కన్నా కమురు వాసన రావడం పెద్ద సమస్య. ఇన్‌స్టంట్ రకాల్లో చాలావరకు నూనెలో వేయించి ఆరబెట్టినవి. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో తెచ్చిన పద్ధతి అదే. ఆవిరిలో ఉడికించిన పోగులను నూనెలో వేస్తే లోపలి నీరు ఆవిరై పోతుంది, ఆ దారుల్లో సన్నని రంధ్రాలు మిగులుతాయి. రెండు మూడు నిమిషాల్లో ఉడికేది వాటివల్లే. ఆ నూనె గాలి తగిలితే పాడవుతుంది. కాబట్టి విప్పిన సగాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టి వారం లోపల వాడేయాలి. హక్కా నూడుల్స్ సాధారణంగా వేయించనివి, అవి ఎక్కువ కాలం ఆగుతాయి. ప్యాకెట్ మీద కొవ్వు శాతం చూస్తే ఏది ఏ రకమో తెలిసిపోతుంది. వేయించినదైతే వంద గ్రాములకు 15 గ్రాముల పైనే కనిపిస్తుంది.

హనుమకొండ వంటిల్లు:
మాస్టారు గారి లెక్క కుదిరేలా ఉంది, ఈ ఆదివారం 300తోనే చేస్తాను. విరవడం గురించి ఎవరూ చెప్పలేదు.

మండీబజార్ షీర్‌ఖుర్మా:
అక్కా, ప్యాకెట్ విప్పకముందే విరవాలి. పలకల మధ్య కలిసే చోటు చేతికి తగులుతుంది. ఆ గీతను బల్ల అంచు మీద ఉంచి రెండు వైపులా అరచేతులతో నొక్కితే పలక అక్కడే విడిపోతుంది. రాలిన పొడి కూడా ప్యాకెట్‌లోనే ఉంటుంది. పలక మధ్యకు విరవాల్సి వస్తే రంపపు పళ్లున్న బ్రెడ్ కత్తితో మెల్లగా గీరండి. కత్తి పెట్టి కొట్టారంటే వంటిల్లంతా పోగులే. రాలిన పొడిని పారేయకండి. చారులోనో సూపులోనో చివర్లో వేస్తే చిక్కదనం వస్తుంది.

హాస్టల్ కుర్రాడు:
విరవడం అనగానే గుర్తొచ్చింది. నిటారుగా ఉండే స్పగెట్టీ పుల్లను రెండు కొసలు పట్టుకుని వంచితే రెండు ముక్కలు కాదు, మూడో నాలుగో అవుతాయి. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అంతటివాడు వంటింట్లో కూర్చుని దీని గురించి తల బద్దలు కొట్టుకున్నాడు. 2005లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు, ఆడోలీ, నూకిర్ష్, కారణం చెప్పారు. మొదటి విరుపు జరగగానే పుల్ల వెంట ఒక అల పరుగెడుతుంది, అది వంపును ఇంకా పెంచి మరో చోట విరుస్తుంది. దీనికి 2006లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి అది. 2018లో అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు పుల్లను బాగా మెలితిప్పి వంచితే రెండే ముక్కలవుతుందని చూపించారు. మా గదిలో మెలితిప్పి చూశాం, చేత్తో అంత తేలిక కాదు.

కాజీపేట జంక్షన్:
చదువుకునే పిల్లలు చేసే పనులు ఇవేనా.

ఓరుగల్లు అమ్మమ్మ:
అసలు విరవడం ఎందుకని నా ప్రశ్న. చైనాలో పొడవాటి పోగును దీర్ఘాయుష్షుకు గుర్తుగా చూస్తారు, పుట్టినరోజున తెంపకుండా తింటారు. మనం చెంచాతో తినాలని ముక్కలు చేస్తాం. పలక అలాగే వేసినా నీళ్లలో నిమిషంలో విడిపోతుంది కదా. కొలత కోసం విరవండి, పొడవు తగ్గించడం కోసం వద్దు.

లెక్కల మాస్టారు:
అమ్మగారి మాట నిజం. స్పగెట్టీ ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని కొలత కూడా చెబుతాను. కూల్‌డ్రింక్ సీసా మూతి లోపలి వెడల్పు 22 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పుల్లలు అందులో బిగుతుగా పట్టినన్ని వంద గ్రాములకు అటూఇటూగా వస్తాయి. ఒక మనిషికి అది బాగా ఎక్కువే. ఇక్కడ జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. నలుగురికి కావాలంటే కట్ట వెడల్పు నాలుగింతలు కాకూడదు, రెండింతలే. వెడల్పు రెట్టింపయితే వైశాల్యం నాలుగింతలు అవుతుంది. వేళ్ల మధ్య కట్ట పట్టి కొలిచేవారికి ఎక్కువ వచ్చేది ఇందువల్లే. కట్ట కొంచెమే లావైనట్లు కనిపిస్తుంది, పుల్లలు మాత్రం బోలెడు చేరతాయి.

మానుకోట మిర్చి:
కొలత సరే, ముద్ద కట్టకుండా చెప్పేవారు లేరా? మా ఇంట్లో బోరు నీళ్లు. అదే ప్యాకెట్ హైదరాబాద్‌లో మా చెల్లెలు చేస్తే పోగు పోగుగా వస్తుంది, ఇక్కడ జిగురు.

జగిత్యాల పసుపు:
మీ అనుమానం సరైనదే, నీళ్ల తేడా ఉండవచ్చు. మన వైపు బోరు నీళ్లు చాలాచోట్ల కఠినం. కాస్త క్షారగుణం ఉన్న నీళ్లలో పోగు పైపొర నుంచి పిండి ఎక్కువగా కరుగుతుంది, అదే జిగురవుతుంది. లీటరున్నర నీళ్లకు అర చెంచా నిమ్మరసం వేసి చూడండి, లేదా ఆ ఒక్క వంటకు నల్లా నీళ్లు వాడండి. నిమ్మరసం అంతకన్నా ఎక్కువ వేస్తే పులుపు తెలుస్తుంది.

మిగతాదంతా మొదటి రెండు నిమిషాల్లోనే తేలిపోతుంది. పోగు మీది పిండి వేడి నీళ్లు తగలగానే ఉబ్బి జిగురుగా మారుతుంది, పక్కపక్కనున్న పోగులు అప్పుడే అతుక్కుంటాయి. నీళ్లు బాగా మరిగాక వేసి, ఆ రెండు నిమిషాలు ఫోర్కుతో కదుపుతూ ఉంటే తర్వాత వాటంతట అవే విడిగా ఉంటాయి. వంద గ్రాములకు లీటరు నీళ్లని పుస్తకాల్లో రాస్తారు. కదిపే ఓపిక ఉంటే ముప్పావు లీటరుతో కూడా అవుతుంది. ఉడికే నీళ్లలో నూనె వేయడం దండగ, అది పైనే తేలుతుంది. వార్చాక చెంచాడు నూనె పట్టించండి, అప్పుడు పనికొస్తుంది.

మానుకోట మిర్చి:
చన్నీళ్లతో కడగాలా వద్దా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

జగిత్యాల పసుపు:
బాణలిలో వేయించే నూడుల్స్ అయితే కడగాలి. పైనున్న పిండి పోతుంది, ఉడకడం ఆగుతుంది. కడిగి, నూనె పట్టించి, పళ్లెంలో పరిచి గంటసేపు ఫ్రిజ్‌లో పెడితే పోగు గట్టిపడి వేయించేటప్పుడు తెగదు. టమాటా గుజ్జుతో చేసే స్పగెట్టీ అయితే కడగకూడదు, ఆ పిండి ఉంటేనే గుజ్జు పట్టుకుంటుంది. ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి ఒక నిమిషం ముందే దించండి, మిగతాది బాణలిలో ఉడుకుతుంది.

మానుకోట మిర్చి:
సంతోషం. ప్రతిఫలంగా ఒక మాట. నూడుల్స్‌కు ఎర్ర రంగు కావాలి, పిల్లలకు కారం వద్దు అనేవాళ్లు చపాటా మిర్చి వాడండి. వేడి నీళ్లలో నానబెట్టి, గింజలు తీసి, వెల్లుల్లితో రుబ్బితే సీసా సాస్ కొననక్కర్లేదు. మన వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా. ఏనుమాముల మార్కెట్ దగ్గర కొంటే తొడిమ పచ్చిగా లేనిది చూసి తీసుకోండి.

గోదావరిఖని షిఫ్ట్:
నాది టిఫిన్ బాక్సు సమస్య. ఉదయం కట్టుకెళ్తే మధ్యాహ్నానికి బాక్సు ఆకారంలో గడ్డకడుతుంది. పైగా మాస్టారు చెప్పిన 75 గ్రాములు గని పనిలో ఉన్న మనిషికి ఏ మూలకు? నేను 110 వేసుకుంటాను.

లెక్కల మాస్టారు:
మీరు 110 వేసుకోవడంలో తప్పు లేదు, లెక్క శ్రమను బట్టే ఉండాలి. రోజంతా కుర్చీలో కూర్చునే నాకు 65 చాలు.

మండీబజార్ షీర్‌ఖుర్మా:
అన్నా, బాక్సుకు బియ్యపు నూడుల్స్ పెట్టి చూడండి. వాటిని మరిగించకూడదు. పొయ్యి ఆపిన వేడి నీళ్లలో ఏడెనిమిది నిమిషాలు నానబెట్టి, పోగు వంగినప్పుడు తెగకుండా ఉందనగానే వార్చాలి. నూనె కాస్త ఎక్కువ, ఉల్లికాడలు, వేయించిన పల్లీలు కలిపి వదులుగా నింపండి. నిండా కుక్కితే ఏ నూడుల్స్ అయినా గడ్డే.

హనుమకొండ వంటిల్లు:
ఇదే లెక్క సేమియాకు వర్తిస్తుందా? మా అత్తగారికి నూడుల్స్ కన్నా సేమియా ఉప్మా ఇష్టం. ఆమెకు చక్కెర జబ్బు ఉంది, అందుకే కొలత కావాలి.

ఓరుగల్లు అమ్మమ్మ:
ఎండు నూడుల్స్ మన ఇళ్లకు కొత్తవని ఎవరన్నారు? సేమియా ఉండనే ఉంది. వేసవిలో పిండి కలిపి, చేతిమిషన్ తిప్పి, మంచం మీద గుడ్డ పరిచి ఆరబెట్టిన ఇళ్లు ఎన్నో. ఒకరు పిండి పెడితే ఒకరు తిప్పాలి, ఇంకొకరు పోగులు తెగకుండా పట్టుకోవాలి. అప్పట్లో కొలత సోలతోనే.

ఉప్మాకు మనిషికి 60 గ్రాముల సేమియా బాగా సరిపోతుంది. చక్కెర ఉన్నవారికి 40 చేసి, బీన్స్, క్యారెట్, బఠాణీ అంతకు రెట్టింపు వేయమ్మా. పక్కన గుడ్డో, పెసరపప్పుతో చేసిన కట్టో ఉండాలి. వేయించిన సేమియా ఒక గ్లాసుకు గ్లాసున్నర నీళ్లు పోస్తే పొడిపొడిగా వస్తుంది, గ్లాసుముప్పావు పోస్తే మెత్తగా. పెద్దావిడ కాబట్టి మెత్తగానే చెయ్యి. పాయసానికి లీటరు పాలకు 60, 70 గ్రాములు దాటనివ్వకు. వేడిగా ఉన్నప్పుడు పల్చగానే ఉందనిపిస్తుంది, చల్లారేసరికి గరిటె నిలబడుతుంది.

మండీబజార్ షీర్‌ఖుర్మా:
అమ్మమ్మ గారు చెప్పింది లావు సేమియాకు. రంజాన్‌కు వాడే సన్న సేమియా వేరు. అది లీటరు పాలకు 50 గ్రాములే ఎక్కువ. నేతిలో వేయించేటప్పుడు రంగు మారడం మొదలైందంటే వెంటనే వేరే పళ్లెంలోకి తీసేయాలి, గిన్నె వేడికే మాడిపోతుంది. గ్లాసుతో కొలవడం దీనికి కుదరదు. నొక్కితే ఒక గ్లాసు, వదులుగా పోస్తే రెండు గ్లాసులు. తూకమే దిక్కు.

కాజీపేట జంక్షన్:
ఇక్కడ కూడా తూకమేనా! సరే, మిగిలిన నూడుల్స్ పొద్దున తినడం గురించి మాస్టారు ఏదో చెబుతానన్నారు.

లెక్కల మాస్టారు:
చెబుతాను. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంది. అన్నం, నూడుల్స్ వంటి పిండి పదార్థాల్లో దాని బీజాలు ఉంటాయి, మరిగించినా చావవు. ఉడికిన తిండి గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. 2008లో బ్రస్సెల్స్‌లో ఇరవయ్యేళ్ల విద్యార్థి ఐదు రోజులు బయటే ఉన్న స్పగెట్టీ తిని చనిపోయాడు, వైద్య పత్రికలో వచ్చిన విషయం. అది అరుదే. వాంతులు, విరేచనాలు మాత్రం అంత అరుదు కాదు. మే నెలలో మన దగ్గర అర్ధరాత్రి కూడా వంటిల్లు 32 డిగ్రీలకు దిగదు. అంత వేడిలో గంటకు మించి బయట ఉంచవద్దు, మామూలు రోజుల్లో రెండు గంటలు. లోతు గిన్నెలో కాకుండా వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడే తినేయండి.

కాజీపేట జంక్షన్:
ఇది నాకు తెలియని సంగతి. మా ఇంట్లో రాత్రి మూతపెట్టి పొయ్యి మీదే ఉంచుతాం. తూకం మీద నా అభిప్రాయం మారలేదు గానీ, ఇకనుంచి ఫ్రిజ్‌లో పెట్టిస్తాను.

నిర్వాహకులు:
ఏ కంపెనీ నూడుల్స్ మంచివన్న వాదనకు దిగిన మూడు సందేశాలు తొలగించాం. దాని కోసం వేరే చర్చ తెరుచుకోండి.

పాకాల చెరువు:
చర్చ మొత్తం చదివాను. వచ్చే శనివారం మా పాప పుట్టినరోజు. పన్నెండు మంది పిల్లలు, పెద్దలు ఎనిమిది మంది. నూడుల్స్‌తో పాటు బగారా అన్నం, కోడి కూర కూడా ఉంటాయి. నూడుల్స్ ఎన్ని కొనాలి? పెద్ద కుక్కర్‌లో ఒకేసారి పెట్టేయవచ్చా?

లెక్కల మాస్టారు:
మూడు రకాలున్నాయి కాబట్టి పిల్లలకు 40, పెద్దలకు 30 చాలు. పన్నెండు నలభైలు 480, ఎనిమిది ముప్పైలు 240, మొత్తం 720 గ్రాములు. ముప్పావు కిలో కొనండి. పిల్లలు బగారా ముట్టరు, నూడుల్స్ మీదే పడతారని మీకు తెలిస్తే కిలో చేయండి.

జగిత్యాల పసుపు:
కుక్కర్‌లో వద్దు. పిండి నురగ పైకి పొంగి విజిల్ రంధ్రం మూసుకుపోతుంది, అది ప్రమాదం. పెద్ద గంజులో నీళ్లు మరిగించి పావు కిలో చొప్పున మూడు విడతలుగా వేయండి. ఒకే నీళ్లు మూడు విడతలకూ వాడవచ్చు, తగ్గినప్పుడల్లా వేడి నీళ్లు పోస్తే సరి. చిల్లుల గరిటెతో తీసి, కడిగి, నూనె పట్టించి పెద్ద తాంబాళంలో పరచండి. మధ్యాహ్నం మూడింటికి ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఆరింటికి వేయించడమే పని. బాణలిలో కూడా ఒక్కసారే మొత్తం వేయకండి. ఇంటి పొయ్యి మంట అంత బరువుకు చాలదు, వేగడానికి బదులు ఆవిరిలో మగ్గి ముద్దవుతుంది. పిల్లల వాటా ముందు వేయించి తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత పెద్దల వాటాలో కారం వేయండి.

పాకాల చెరువు:
కిలోనే తెస్తాను. మిగిలిన ఎండు నూడుల్స్ వానాకాలంలో పురుగు పట్టకుండా ఏం చేయాలి?

ఓరుగల్లు అమ్మమ్మ:
ప్యాకెట్‌తో సహా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టు. గోధుమపిండి, రవ్వ డబ్బాల పక్కన మాత్రం పెట్టకు, పురుగు అక్కడినుంచే వస్తుంది. వేపాకు వేస్తామంటారు కొందరు, ఆకు పూర్తిగా ఎండకపోతే తేమ చేరుతుంది. ఫ్రీజర్‌లో చోటుంటే తెచ్చిన రోజునుంచి నాలుగు రోజులు అందులో ఉంచి, బయటికి తీశాక ప్యాకెట్ గది వేడికి వచ్చేదాకా విప్పకుండా ఆగి, అప్పుడు డబ్బాలోకి మార్చు.